ఊరి రోడ్డు మీద వేగానికి కళ్లెం: డెల్టా గ్రామాలకు ఏ మార్గం సరిపోతుంది?

గోదావరి డెల్టాలో ఊరికీ రోడ్డుకీ మధ్య జాగా దాదాపు ఉండదు. ధవళేశ్వరం దగ్గర చీలిన కాలువల గట్ల వెంబడే రోడ్లు పడ్డాయి, ఆ రోడ్లను ఆనుకునే ఇళ్లు లేచాయి. ఒక పక్క వీధి అరుగు, ఇంకో పక్క కాలువ, నడుమ రెండు పెద్ద బళ్లు ఎదురైతే ఒకటి మార్జిన్‌లోకి దిగక తప్పని తారు రోడ్డు. ఆ రోడ్డు మీదే పిల్లలు బడికి నడుస్తారు, ఆడవాళ్లు కాలువ రేవుకు దిగుతారు, కోతల కాలంలో ధాన్యం ఆరబోస్తారు. అదే రోడ్డు మీద రొయ్యల వ్యాన్లు, కొబ్బరి లారీలు, ఇసుక టిప్పర్లు, కాలేజీ బస్సులు, కుర్రాళ్ల బైకులు పరుగు తీస్తాయి.

ఎవరికైనా దెబ్బ తగిలిన మర్నాడు సెంటర్‌లో నలుగురూ కూడి అనే మాట ఒక్కటే: స్పీడ్ బ్రేకర్ వేయించాలి. ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే వేగాన్ని తగ్గించే మార్గాలు చాలా ఉన్నాయి, ఒక ఊరికి మేలు చేసినది పక్క ఊళ్లో ప్రాణం తీయవచ్చు. కాలువ గట్టు రోడ్డుకు, బడి ముందరి రోడ్డుకు, పట్నం కాలనీ వీధికి మందు ఒకటే కాదని ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటి ప్రశ్న: ఆ రోడ్డు ఎవరిది? జాతీయ రహదారి 16 గాని 216 గాని అయితే స్పీడ్ బ్రేకర్ ఆశ వదులుకోవాలి. జాతీయ రహదారుల మీద ఉన్నవాటినే తీసేయమని కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ ఆదేశించింది. మండల కేంద్రాలను కలిపే రోడ్లు చాలావరకు రోడ్లు, భవనాల శాఖ (ఆర్‌అండ్‌బీ)వి, ఊళ్లను కలిపే రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖవి, కాలువ గట్టు చాలాచోట్ల జలవనరుల శాఖది, ఊరి లోపలి సిమెంటు రోడ్డు గ్రామ పంచాయతీది. ఒకే రోడ్డు మొదట ఒక శాఖదై, లాకులు దాటాక ఇంకో శాఖదయ్యే ఊళ్లూ ఉన్నాయి. సంబంధం లేని శాఖకు ఇచ్చిన అర్జీ నెలల తరబడి బల్లలు మారుతూ ఉంటుంది కనుక, గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడిగి ఈ సంగతి ముందే రాబట్టుకోవడం మంచిది.

రెండో ప్రశ్న: వేగంగా వెళ్తున్నది ఎవరు, ఏ వేళ? దీనికి యంత్రాలు అక్కరలేదు. రోడ్డు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య టేపుతో 50 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సున్నంతో గీత పెట్టి, బండి మొదటి గీత దాటి రెండో గీత చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోను స్టాప్‌వాచ్‌తో చూస్తే చాలు. 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు, నాలుగున్నర పడితే 40, 3 సెకన్లలో దాటితే 60. గీతల దగ్గర నిలబడిన మనిషిని చూస్తే డ్రైవర్లు నెమ్మదిస్తారు కాబట్టి ఏ అరుగు మీదో కూర్చుని కొలవాలి. తెల్లవారుజామున, బడి వేళ, సాయంత్రం, రాత్రి పదింటి తర్వాత విడివిడిగా లెక్క రాసి, బండి రకం కూడా పక్కన రాసుకోవాలి. లారీలే అనుకున్న ఊళ్లో సొంత ఊరి బైకులే ఎక్కువని తేలితే, చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది.

ఈ అంకెలకు ఎందుకింత విలువంటే, పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి పట్టే ఒక్క సెకనును కూడా కలుపుకుంటే, సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 60లో ఉన్నది ఆగడానికి 37 మీటర్ల దాకా కావాలి. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే గరిష్ఠ పరిమితిగా ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా సదస్సు ప్రకటించింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో పదికి ఏడుగురి మరణానికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెబుతోంది.

మూడో ప్రశ్న డెల్టాకు ప్రత్యేకమైనది: రోడ్డు పక్కన ఏముంది? కాలువ ఉంటే, బండి తప్పుకోవడానికి చూసే పక్క అదే అవుతుంది. బంకమట్టి నేల మీద ఇల్లు రోడ్డును ఆనుకుని ఉంటే, బరువు లారీ ఎగిరిపడిన ప్రతిసారీ గోడకు అదురు తగులుతుంది. వానాకాలంలో నీరు ఎటు పోతుందో చూడకుండా రోడ్డుకు అడ్డంగా ఏది కట్టినా అక్కడ మడుగు కడుతుంది, మడుగు కింద తారు లేచిపోతుంది, ఏడాది తిరిగేసరికి గొయ్యి పడుతుంది.

చివరిగా, 108 అంబులెన్సు, ఆర్టీసీ బస్సు, ధాన్యం బస్తాల ట్రాక్టరు ఆ చోటు నుంచి ఎలా వెళ్తాయో, వేసినదాన్ని రేపు ఎవరు బాగు చేస్తారో కూడా ఆలోచించాలి.

స్పీడ్ బ్రేకర్: కొలత తప్పితే శత్రువే

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వాహనాన్ని గంటకు 25 కిలోమీటర్లకు దించే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున, వంపు తిరిగి ఉండాలి. అంటే ఆటో ముందు చక్రం ఎక్కి, వెనుక చక్రం కూడా ఎక్కాక గాని ముందుది దిగకూడదు. దానికి ముందు హెచ్చరిక బోర్డు, మీద చీకట్లో మెరిసే చారలు తప్పనిసరి. వరుసగా వేయాలంటే ఒకదానికీ మరొకదానికీ మధ్య 100 నుంచి 120 మీటర్ల దూరం పాటించాలి.

మన ఊళ్లలో ఎక్కువగా కనబడేది ఇది కాదు. ఎవరి ఇంట్లోనో పని చేస్తున్న తాపీమేస్త్రి మిగిలిన సిమెంటు, పిక్క కలిపి రాత్రికి రాత్రి పోసిన మూరెడు వెడల్పు దిమ్మ. నిలువుగా లేచిన ఆ దిమ్మకు కారు అడుగు రాసుకుంటుంది, ఆటోలో కూర్చున్న నిండు గర్భిణి నడుముకు కుదుపు తగులుతుంది, స్కూటీ వెనక కూర్చున్న పెద్దావిడ ఎగిరి పడుతుంది. పైగా ఆ దిమ్మ రోడ్డు అంచు దాకా రాదు, చివర జానెడు సందు మిగులుతుంది. బైకు నడిపేవాళ్లందరూ ఆ సందులోంచే దూరుతారు. కాలువ గట్టు మీద ఆ సందు కాలువ వైపు ఉంటే, రాత్రి పూట అందులోంచి దూరబోయిన కుర్రవాడు నీళ్లలో తేలతాడు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్మినప్పుడు రంగు వెలిసిన దిమ్మ అసలు కనిపించదు. అనుమతి లేని దిమ్మ వల్ల ఎవరికైనా ప్రాణాపాయం కలిగితే, పోయించినవారి మీదికి కేసు వచ్చే అవకాశమూ ఉంటుంది.

కనుక స్పీడ్ బ్రేకర్ కోరేవారు కొలతతో సహా కోరాలి. అది బాగా పనిచేసేది బడి ముందర, గుడి ముందర, చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలిసే చోట చిన్న రోడ్డు వైపున. బడి ముందరైతే అంతకన్నా మేలైనది ఎత్తయిన క్రాసింగ్: పిల్లలు నడిచి దాటేంత వెడల్పున పైభాగం చదునుగా ఉండి, రెండు వైపులా వాలు దిగే దిమ్మ. వాహనం నెమ్మదిస్తుంది, పిల్లలు దాటవలసిన చోటు కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఖర్చు ఎక్కువే, అయినా నా అభిప్రాయంలో పంచాయతీ ఒక్కచోటే డబ్బు పెట్టగలిగితే అది ఇక్కడే పెట్టాలి. రోడ్డు అంచున నీరు పోయే తూము వదలడం, ఆ సందులోకి బైకు రాకుండా రాయి పాతడం మరచిపోకూడదు.

రంబుల్ స్ట్రిప్స్

రోడ్డుకు అడ్డంగా వరుసగా వేసే దళసరి తెల్ల గీతలివి. ఊరు వస్తున్నదని డ్రైవరు చేతులకూ చెవులకూ తెలియజేస్తాయి. అంబులెన్సుకు అడ్డం కావు, నీటిని ఆపవు, గట్టు రోడ్డు మలుపు ముందు వేయడానికి అనువైనవి. అయితే రోజూ తిరిగే టిప్పరు డ్రైవరుకు వారంలో అలవాటైపోతాయి. వేగంగా దాటితేనే కుదుపు తక్కువని కొందరు కనిపెడతారు కూడా. ఇంటిని ఆనుకుని వేస్తే రాత్రంతా చప్పుడు భరించాలి. ఊరి మొదట్లో, ఇళ్లు ఇంకా మొదలుకాని చోట వేయించడం ఒక్కటే సరైన పద్ధతి.

వేగ పరిమితి బోర్డు: చిన్నచూపు చూడవద్దు

బోర్డు చూసి ఎవరు ఆగుతారు అన్న మాట నిజమే. కాని బోర్డు లేకపోతే జరిగేది చాలామందికి తెలియదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్ల మీదా, ఇతర మామూలు రోడ్ల మీదా కారుకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, బైకుకూ సరుకు వాహనానికీ 60. అంటే తక్కువ పరిమితి విధించని ఊరి రోడ్డు మీద 65లో వెళ్లిన కారును వేగం పేరుతో పట్టుకోవడానికి పోలీసుకు ఆధారమే ఉండదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన అధికారి, ప్రజల భద్రత కోసం ఒక రోడ్డుకు తక్కువ పరిమితి నిర్ణయించి బోర్డు పెట్టించవచ్చు. నెలకు మించని పరిమితికైతే నోటిఫికేషన్ కూడా అక్కరలేదని అదే సెక్షన్ చెబుతుంది. సంక్రాంతికి హైదరాబాదు కార్లన్నీ ఒక్కసారిగా దిగే వారానికి, దాళ్వా (రెండో పంట) ధాన్యం రోడ్డు మీద ఆరే రోజులకు ఈ వెసులుబాటు ఎంతో ఉపయోగపడుతుంది.

బోర్డు ఒక్కటే వేగం తగ్గించదు. ఆ తర్వాత చేయించే ప్రతి పనికీ చట్టబలం దానివల్లే వస్తుంది కాబట్టి మొదటి అర్జీ దీనికే పెట్టాలంటాను.

పోలీసు తనిఖీ, సీసీ కెమెరాలు

మలుపులో డ్రమ్ములు అడ్డం పెట్టి వాహనం వంకరగా వెళ్లేలా చేయడం పోలీసులు వెంటనే చేయగల పని, ఖర్చు లేనిది. రేడియం స్టిక్కరు లేని డ్రమ్ము చీకట్లో ప్రమాదమే కనుక దాన్ని అంటించే పూచీ ఊరే తీసుకోవచ్చు. వేగం కొలిచే స్పీడ్ గన్ తెస్తే భయం పుడుతుంది: అదే చట్టం 183వ సెక్షన్ ప్రకారం తేలికపాటి వాహనానికి వెయ్యి నుంచి 2,000 రూపాయల దాకా, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 దాకా జరిమానా ఉంది. ఆ భయం తనిఖీ జరిగే రోజులకే పరిమితం. ఒక స్టేషను కింద పదిపదిహేను ఊళ్లు ఉన్నప్పుడు మన ఊరి వంతు ఎన్నాళ్లకు వస్తుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

చందాలు వేసుకుని సెంటర్‌లో సీసీ కెమెరా పెట్టించిన ఊళ్లు ఉన్నాయి. గుద్ది పారిపోయిన బండిని పట్టుకోవడానికి అది అక్కరకొస్తుంది, అది చిన్న సంగతి కాదు. కాని వేగానికి జరిమానా వేయాలంటే యంత్రం కొలిచిన వేగం కావాలి. ఒక మనిషి కంటికి వేగంగా తోచిందన్న సాక్ష్యం ఒక్కటీ చాలదని చట్టమే చెబుతోంది. మామూలు కెమెరా వేగాన్ని కొలవదు. తుపాను గాలికి తీగ తెగితే, ఉప్పు గాలికి తుప్పు పడితే బాగు చేయించేవారు కావాలి. వేగం తగ్గించడమే లక్ష్యమైతే కెమెరా చివరి వరుసలో నిలుస్తుంది.

భారీ వాహనాలకు వేళలు

ఇసుక టిప్పర్లు ఊరి మీదుగా పోయే చోట అన్నిటికన్నా గట్టి ఫలితం ఇచ్చేది ఇదే. బడి మొదలయ్యే గంట, విడిచే గంట టిప్పర్లు రాకూడదని, లేదా ఊరి బయటి రోడ్డునే వెళ్లాలని అధికారులచేత ఉత్తర్వు ఇప్పించవచ్చు. 115వ సెక్షన్ అందుకే ఉంది. ట్రిప్పుల లెక్కన కూలి వచ్చే డ్రైవరు తనంతట తాను నెమ్మదించడు కాబట్టి, మాట్లాడవలసింది అతనితో కన్నా ఇసుక తవ్వే రీచ్ నడిపేవారితో, లారీ యజమానితో.

రొయ్యల విషయం వేరు. చెరువు పట్టిన సరుకు ఐసు వేసుకుని ఫ్యాక్టరీ చేరేదాకా ప్రతి గంటా రైతుకు రేటు మీద పడుతుంది, ఆ రైతు మన ఊరివాడే. వేళల నిషేధం పెడితే ఊరు రెండుగా చీలుతుంది, నిషేధమూ నిలవదు. వ్యాన్లకు వేళ వదిలేసి, ఊరి పొడవునా 30 పరిమితి పాటించాలని రొయ్యలు పట్టించే రైతుచేతనే కొనుగోలుదారుకు చెప్పించడం మేలు. ఆ వ్యాన్ల నుంచి కారే నీటికి మలుపులో తారు ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉంటుందన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి. కారే పెట్టెకు గొట్టం, డబ్బా అమర్చడం పెద్ద ఖర్చు కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | వేగం తగ్గేది | కాలువ గట్టుకు | ఇళ్లకు ఇబ్బంది | ఎవరిని అడగాలి |
|---|---|---|---|---|
| కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ | బాగా, ఆ చోటులో | అంచులు మూస్తేనే | లారీలు తిరిగితే అదురు | రోడ్డు శాఖ |
| ఎత్తయిన క్రాసింగ్ | బాగా | చోటు చాలదు | తక్కువ | రోడ్డు శాఖ |
| రంబుల్ స్ట్రిప్స్ | కొంత, తర్వాత అలవాటు | అనుకూలం | చప్పుడు | రోడ్డు శాఖ |
| 30 పరిమితి బోర్డు | ఒంటరిగా తక్కువ | అనుకూలం | లేదు | కలెక్టరేటు, రోడ్డు శాఖ |
| డ్రమ్ములు, స్పీడ్ గన్ | ఉన్నన్నాళ్లు బాగా | వెడల్పు చూసుకోవాలి | లేదు | పోలీసులు |
| భారీ వాహనాలకు వేళలు | ఆ వేళల్లో పూర్తిగా | చాలా అనుకూలం | మేలే | కలెక్టరేటు |
| సీసీ కెమెరా | దాదాపు లేదు | వర్తించదు | లేదు | పంచాయతీ, పోలీసులు |

మీది ఏ రకం ఊరు?

*కాలువ గట్టు మీది ఊరు.* ఇక్కడ వేగం కన్నా ముందు అంచు కాపాడుకోవాలి. మలుపుల్లో పిట్టగోడగాని రక్షణ రాళ్లుగాని, అవీ లేకపోతే కనీసం రేడియం అంటించిన స్తంభాలు కావాలి. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే జలవనరుల శాఖ గట్టు పనులు చేపట్టగలదు. అర్జీ సంక్రాంతి వెళ్లగానే ఇస్తే గాని ఆ వేసవి పనుల జాబితాలోకి ఎక్కదు. దాంతోపాటు ఊరి రెండు చివర్లా రంబుల్ స్ట్రిప్స్, 30 బోర్డు. స్పీడ్ బ్రేకర్‌ను గట్టు మీద నేను సిఫారసు చేయను. కాలువ లేని వైపుకు రోడ్డు వెడల్పుగా ఉండి, రెండు అంచులూ మూయగలిగితే తప్ప అది చేసే మేలు కన్నా ముప్పే పెద్దది.

ఇక్కడే ధాన్యం మాట కూడా చెప్పుకోవాలి. ఆరబోసిన ధాన్యం మీదికి బళ్లు రాకుండా మనం పేర్చిన రాళ్లు, ధాన్యం ఎత్తేశాక కూడా రాత్రి రోడ్డు మీదే పడి ఉంటున్నాయి. కల్లాలకు చోటు కరువైన నేలలో రైతును తప్పు పట్టలేం. రాళ్ల బదులు రేడియం టేపు చుట్టిన ఖాళీ నూనె డబ్బాలు పెట్టడం, సాయంత్రం అవి తీసే బాధ్యత ఒకరికి అప్పగించడం మన చేతిలో ఉన్న పనే.

*రోడ్డు మీదే బడి ఉన్న ఊరు.* ఎత్తయిన క్రాసింగ్, అది మంజూరయ్యేదాకా బడి వేళల్లో డ్రమ్ములు. సచివాలయంలోని మహిళా పోలీసు, ఇద్దరు తల్లిదండ్రులు రోజుకు అరగంట నిలబడితే చాలు.

*తీర్థాలకు, పండుగలకు దారిలో ఉన్న ఊరు.* శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వెళ్లే జనం, సంక్రాంతికి ప్రభల తీర్థాలకూ కోడి పందేల బరులకూ వెళ్లే జనం దారి కొత్తవాళ్లు; మలుపు ఎక్కడో, రేవు ఎక్కడో వారికి తెలియదు. శాశ్వత కట్టడం కన్నా ఆ రోజులకు తాత్కాలిక పరిమితి, తెలుగులో పెద్ద అక్షరాల బోర్డులు, రాత్రి దీపాలు ఎక్కువ పనిచేస్తాయి.

*పట్నం కాలనీ.* భీమవరం, అమలాపురం, తణుకు వంటి పట్టణాల్లో మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి కాలనీ వీధుల్లోంచి దూసుకుపోయే బళ్లదే బెడద. అడ్డదారి వాడుకునేవాడికి అది అడ్డదారి కాకుండా చేయడమే మందు: కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్లు వరుసగా, లేదా మునిసిపాలిటీ అంగీకరిస్తే ఒక చివర వన్‌వే. వన్‌వే వల్ల మనమూ చుట్టు తిరగాలి. కాలనీ అంతా ఒప్పుకున్నాకే అడగాలి.

*కొలిస్తే సొంత ఊరి బైకులే తేలిన ఊరు.* ఇది ఒప్పుకోవడం కష్టం, ఇక్కడ ఏ కట్టడమూ పనిచేయదు కూడా. ఆ కుర్రాళ్లకు ప్రతి సందూ తెలుసు. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి మోటారు వాహనాల చట్టం కింద ఏ నేరం చేసినా, ప్రమాదం జరగకపోయినా సరే, 2019 సవరణ తెచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం తండ్రికిగాని బండి యజమానికిగాని మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయని, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుందని, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదని గ్రామసభలో చదివి వినిపించాలి. పేర్లు పెట్టి అవమానించకుండా, ఆయా ఇళ్లకు పెద్దలు వెళ్లి మాట్లాడితే వినని తల్లిదండ్రులు అరుదు. గల్ఫ్ నుంచి డబ్బు పంపి కొడుక్కి బండి కొనిపెట్టిన తండ్రికి ఫోను చేసి చెప్పడానికీ సంకోచించవద్దు.

అర్జీ ఎలా ఉండాలి

గ్రామసభ తీర్మానం నకలు మొదటి కాగితం. రెండోది మీరు కొలిచిన పట్టిక: తేదీ, వేళ, బండి రకం, సెకన్లు, వేగం. మూడోది చేత్తో గీసిన రోడ్డు పటం. అందులో బడి, రేవు, మలుపు, కల్వర్టు, జరిగిన ప్రమాదాల చోట్లు గుర్తించాలి. ఈ మూడూ కలిపి రోడ్డు శాఖ ఇంజినీరుకు ఒక ప్రతి, పోలీసు స్టేషనుకు ఒక ప్రతి ఇచ్చి, రసీదు తీసుకుని, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరో ప్రతి నమోదు చేయించాలి. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందు పెట్టమని అర్జీలోనే రాయాలి. ఆర్‌అండ్‌బీ, పోలీసు, రవాణా శాఖలు మూడూ ఒకే గదిలో కూర్చునేది అక్కడే. "స్పీడ్ బ్రేకర్ కావాలి" అని ఒక్క వాక్యం రాయకుండా, ఫలానా చోట 30 పరిమితి, ఫలానా చోట రంబుల్ స్ట్రిప్స్, ఫలానా వేళ టిప్పర్ల మళ్లింపు అని వరుస నంబర్లతో అడిగితే, ఒకటి తిరస్కరించినా మిగిలినవి నిలుస్తాయి. పని జరిగిన మూడు నెలలకు అదే 50 మీటర్ల గీతల మధ్య, అదే వేళల్లో మళ్లీ కొలిచి, వేగం తగ్గకపోతే ఆ పట్టికను రెండో అర్జీకి జతచేయాలి.